8 బిట్లా 16 బిట్లా అన్నది తర్వాత, ముందు ఆ ప్రీయాంప్ తీసేయండి

మీరు రాసినదాని ప్రకారం సెటప్ ఇదీ: హైదరాబాద్‌లో డాబా మీద 20 మీటర్ల వైరు, దానికి 9:1 ట్రాన్స్‌ఫార్మర్, ఆ వెంటనే సిగ్నల్‌ని 20 డీబీ (డెసిబెల్) పెంచే వైడ్‌బ్యాండ్ ప్రీయాంప్, తర్వాత ఫ్రీక్వెన్సీని 125 మెగాహెర్ట్జ్ పైకి జరిపే అప్‌కన్వర్టర్, చివర కంప్యూటర్‌కి తగిలించే 8-బిట్ ఆర్‌టీఎల్ రిసీవర్ స్టిక్. స్టిక్ గెయిన్, అంటే సిగ్నల్ పెంపు, చిట్టచివరి మెట్టు 49.6 దగ్గర పెట్టారు. 7.1 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుకునే హ్యాములు (అమెచ్యూర్ రేడియోవాళ్లు) వినపడటం లేదు, 7.2 చుట్టూ మాత్రం పాటలు గరగరలాడుతూ వస్తున్నాయి. తెలిసినవాళ్లు "8 బిట్లంటే 48 డీబీయే కదా, 16 బిట్ల రిసీవర్ కొనుక్కో" అన్నారు. కొనాలా వద్దా అని మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి. ఆ పాటలు ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) దాకా రాకముందే పుట్టేశాయి. 16 బిట్లు పెడితే అవే పాటలు ఇంకాస్త శుభ్రంగా వినపడతాయి, అంతే.

హైదరాబాద్ ఎఫ్‌ఎం డయల్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి: 91.1, 98.3, 101.9, 102.8. ఇప్పుడు తీసివేతలు చేయండి. 98.3లోంచి 91.1 తీసేస్తే 7.2. 101.9లోంచి 98.3 తీసేస్తే 3.6. 102.8లోంచి 91.1 తీసేస్తే 11.7. మొదటిది సరిగ్గా 40 మీటర్ల హ్యామ్ బ్యాండ్ అంచు, రెండోది 80 మీటర్ల బ్యాండ్ నడిమధ్య, మూడోది 25 మీటర్ల షార్ట్‌వేవ్ ప్రసారాల బ్యాండ్. 20 మీటర్ల వైరు మీకు షార్ట్‌వేవ్ కోసం కట్టినదే కావచ్చు, కానీ ఊళ్లోని ఎఫ్‌ఎం టవర్ల శక్తిని కూడా అది బాగానే లాగుతుంది. వైడ్‌బ్యాండ్ ప్రీయాంప్‌కి విచక్షణ లేదు, వచ్చినవన్నీ పెంచుతుంది. రెండు బలమైన సిగ్నళ్లు ఒకేసారి వస్తే ట్రాన్సిస్టర్ వంపు వాటిని కలిపి కూడికా తీసివేతా చేసి పెడుతుంది. ఒక్కో ఎఫ్‌ఎం స్టేషన్ అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ ఊగుతుంది కాబట్టి, తీసివేతలో పుట్టింది 150 దాకా ఊగుతుంది. అంటే 7.05 నుంచి 7.35 దాకా పూసేస్తుంది. మీ 7.1 హ్యాములు ఎక్కడికీ పోలేదు, ఆ పూత కింద ఉన్నారు.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. 7.2 మీద ట్యూన్ చేసి సాఫ్ట్‌వేర్‌లో డీమాడ్యులేటర్‌ని (సిగ్నల్‌లోంచి శబ్దాన్ని విడదీసేది) వైడ్ ఎఫ్‌ఎంలో పెట్టండి. రెండు స్టేషన్ల పాటలు ఒకదాని మీద ఒకటి పడి వినిపిస్తే కేసు తేలినట్టే. ఫోన్‌లోనో కారులోనో 91.1, 98.3 పెట్టి పోల్చుకోండి.

దొంగ సిగ్నల్ ఎక్కడ పుట్టిందో పట్టుకోవడానికి ఒక ఎటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) చాలు. దాన్ని బయట కొననక్కర్లేదు: సిగ్నల్ దారిలో వరుసగా ఒక 68 ఓమ్, దానికి రెండు చివర్లా భూమికి చెరో 100 ఓమ్. మామూలు పావు వాట్ రెసిస్టర్లు సరిపోతాయి, కాళ్లు మాత్రం వీలైనంత పొట్టిగా కత్తిరించండి. ఇది దాదాపు 10 డీబీ తగ్గిస్తుంది. దీన్ని ప్రీయాంప్‌కి ముందు పెట్టి చూడండి. నిజమైన స్టేషన్ 10 డీబీ తగ్గుతుంది. రెండు సిగ్నళ్ల కూడికా తీసివేతల్లో పుట్టింది 20 తగ్గుతుంది. ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోది తీసేస్తే వచ్చే మూడో ఆర్డర్ రకమైతే 30 తగ్గుతుంది. తర్వాత ఎటెన్యుయేటర్ తీసేసి, అదే 10 డీబీని స్టిక్ గెయిన్‌లో తగ్గించండి. నిజమైనదీ దొంగదీ రెండూ సమానంగా 10 తగ్గితే, దొంగది స్టిక్‌కి ముందే, అంటే ప్రీయాంప్‌లోనో అప్‌కన్వర్టర్ మిక్సర్‌లోనో పుట్టింది. దొంగది ఎక్కువ పడిపోతే స్టిక్ లోపలి ట్యూనర్‌లో పుట్టింది. మీ విషయంలో మొదటిదే అవుతుందని నా అంచనా.

యాంటెన్నా పూర్తిగా పీకేసినా కదలకుండా కూర్చునే గీతలు వేరే జాతి. అవి స్టిక్ సొంత గడియారం సంతానం. దాని క్రిస్టల్ 28.8 మెగాహెర్ట్జ్, గుణిజాలు 57.6, 86.4, 115.2, 144.0. రెండు మీటర్ల బ్యాండ్ మొదట్లో "ఎవరో క్యారియర్ పెట్టి వదిలేశారు" అని చాలామంది వాపోయేది ఐదో గుణిజాన్ని చూసే.

ఇక మీ అసలు అనుమానం, 48 డీబీ సంగతి.

ఆదర్శ ఏడీసీలో బిట్ల సంఖ్యని 6.02తో గుణించి 1.76 కలిపితే సిగ్నల్‌కీ క్వాంటైజేషన్ నాయిస్‌కీ (దగ్గరి అంకెకి సర్దడంలో పుట్టే రొద) మధ్య దూరం డీబీల్లో వస్తుంది. 8 బిట్లకి 50, 12కి 74, 14కి 86, 16కి 98. ఈ లెక్కలో రెండు మెలికలున్నాయి, అవి ఒకదానికొకటి ఎదురు లాగుతాయి.

ఒకటి: పెట్టె మీద రాసిన బిట్లన్నీ పనికొచ్చే బిట్లు కావు. ఎల్‌టీసీ2208 అని మంచి 16-బిట్ చిప్ ఉంది, ఖరీదైన షార్ట్‌వేవ్ రిసీవర్లలో వాడతారు. దాని సిగ్నల్-నాయిస్ దూరం సుమారు 78 డీబీ. వెనక్కి లెక్క కడితే 12.7 బిట్లు. అది మోసం కాదు, అంత వేగంతో నడిచే చిప్‌లో లోపలి వేడి నాయిస్ కింది బిట్లని తినేస్తుంది. మీ స్టిక్‌లోని ఆర్‌టీఎల్2832యూ చిప్‌లో ఉన్న 8-బిట్ ఏడీసీని కూడా 7 బిట్లుగా లెక్కేసుకోవడమే క్షేమం, అంటే 44 డీబీ.

రెండోది మీకు అనుకూలం: ఆ 44 డీబీ అన్నది మొత్తం వెడల్పు మీద లెక్క. మీరు వినేది మొత్తం కాదు. సెకనుకి 24 లక్షల శాంపిళ్లతో 2.4 మెగాహెర్ట్జ్ కిటికీ తెరిచి, అందులోంచి ఒక ఎస్‌ఎస్‌బీ (హ్యాములు మాటలకి వాడే ఇరుకు పద్ధతి) గొంతుకి 2.4 కిలోహెర్ట్జ్ మాత్రమే కోసుకుంటారు. కిటికీ నిండా పరుచుకున్న నాయిస్‌లో వెయ్యో వంతే ఆ ముక్కలో ఉంటుంది. వెయ్యో వంతంటే 30 డీబీ. అలా 44 కాస్తా 74 అయింది. 500 హెర్ట్జ్ మోర్స్ ఫిల్టర్ పెడితే ఇంకో ఏడు. ప్రసార ఎఫ్‌ఎం వినేటప్పుడు 200 కిలోహెర్ట్జ్ కావాలి కాబట్టి లాభం 11 డీబీలోపే. అందుకే ఇదే స్టిక్ ఒకరికి బ్రహ్మాండం, ఇంకొకరికి బొమ్మ. శాంపిల్ రేటుని నాలుగు రెట్లు తగ్గిస్తూ ఫిల్టర్ చేసిన ప్రతిసారీ ఒక బిట్ చేతికొస్తుందని గుర్తుపెట్టుకోండి. స్టిక్ లోపల కూడా ఏడీసీ నడిచేది 28.8 మెగాహెర్ట్జ్ మీదే. అందులో సగం, 14.4 మెగాహెర్ట్జ్ వెడల్పున పరుచుకున్న నాయిస్‌ని 2.4కి దించేటప్పుడు 6 రెట్లు, అంటే దాదాపు 8 డీబీ రావాలి. కానీ యూఎస్‌బీలోకి పంపేముందు చిప్ మళ్లీ 8 బిట్లకే కత్తిరిస్తుంది కాబట్టి అందులో చాలా భాగం అక్కడే రాలిపోతుంది. 8-బిట్ స్టిక్‌లో తప్పుబట్టాల్సింది ఏదైనా ఉంటే ఆ కత్తిరింపునే.

"ఒక మెట్టు కన్నా చిన్న సిగ్నల్ ఏడీసీకి కనపడదు కదా" అని కూడా అడిగారు. నాయిస్ అసలు లేకపోతే నిజంగానే కనపడదు. పాత తక్కెడ ముల్లు ఇరుక్కుంటే వేలితో తడతాం, అప్పుడే అది అసలు బరువు దగ్గరికి జరుగుతుంది. యాంటెన్నా నుంచి వచ్చే నాయిస్ ఏడీసీకి ఆ తట్టుడు. నాయిస్ వల్ల చివరి బిట్ 0కీ 1కీ మధ్య కొట్టుకుంటూ ఉంటుంది. మెట్టులో పదో వంతు ఉన్న సిగ్నల్ ఆ కొట్టుకోవడాన్ని ఒకవైపుకి రవ్వంత వంచుతుంది. వేల శాంపిళ్ల సగటు తీసే ఫిల్టర్‌కి ఆ రవ్వంత వంపు చాలు. దీన్నే డిదర్ అంటారు. తట్టే చెయ్యి లేకపోతే, అంటే గెయిన్ మరీ తక్కువై నాయిస్ ఒక మెట్టుని కూడా కదిలించలేకపోతే, సన్నటి సిగ్నళ్లు విరిగి, లేని చోట్ల గీతలు మొలుస్తాయి. కాబట్టి గెయిన్ సున్నాకి దించేయడం కూడా వైద్యం కాదు.

మరి ఎంత పెట్టాలి? ముందు బయటి నాయిస్ ఎంతుందో తెలియాలి. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) పీ.372 సిఫారసులో మనుషులు చేసే రేడియో రొదకి లెక్కలున్నాయి. వాటి ప్రకారం 7 మెగాహెర్ట్జ్ దగ్గర నగరంలో బయటి నాయిస్ ఉష్ణ నాయిస్ కన్నా సుమారు 53 డీబీ ఎక్కువ, ఇళ్ల మధ్య 49, ప్రశాంతమైన పల్లెలో 29. మంచి యాంటెన్నాతో 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పులో నగరపు అంకె మైనస్ 87 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ) అవుతుంది. సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద ఎస్ 6కీ 7కీ మధ్య. దీని అర్థం ఆలోచించండి: 40 మీటర్ల మీద అంతకన్నా సన్నటిది మీ డాబా మీద వినపడే అవకాశమే లేదు, ఏ రిసీవర్ పెట్టినా సరే. ఆ అడుగు నుంచి ఎస్ 9 మీద 40 డీబీ వచ్చే బలమైన హ్యామ్ దాకా, అంటే మైనస్ 33 దాకా, మొత్తం 54 డీబీ. మీ దగ్గర 74 ఉంది. ఆ తేడా 20 డీబీని మీ ప్రీయాంప్ ఒక్కటే మింగేసింది, సరిగ్గా దాని మీద రాసినంతా.

రాత్రిపూట లెక్క మారుతుంది. 7.2కి పైన విదేశీ ప్రసార కేంద్రాలు లేస్తాయి, వాటిలో కొన్ని హ్యాముల కన్నా ఎన్నో రెట్లు బలంగా ఉంటాయి, పైగా మీ 2.4 మెగాహెర్ట్జ్ కిటికీలోనే ఉంటాయి. అప్పుడు 74 బొటాబొటీగా సరిపోతుంది. అందుకని గెయిన్ పగలొకటీ రాత్రొకటీ ఉండాలి. ఒకసారి పెట్టి మర్చిపోయే మీట కాదది.

గెయిన్ కుదిర్చే పద్ధతి ఇదీ. ముందు రెండు ఏజీసీలూ (గెయిన్‌ని వాటంతటవే సర్దే ఏర్పాట్లు) ఆపేయండి, ట్యూనర్‌దీ, ఆర్‌టీఎల్‌దీ. అవి చూసేది మీ స్టేషన్‌ని కాదు, తలుపు దగ్గరున్న మొత్తం గుంపుని. పక్కనెవరో అరిస్తే మీ గొంతు తగ్గిస్తాయి. వినడానికి కావాల్సిన ఏజీసీ సాఫ్ట్‌వేర్‌లో, ఫిల్టర్ దాటాక ఉంటుంది, దాన్ని ఉంచుకోండి. తర్వాత యాంటెన్నా పీకి, ఆ చోట 50 ఓమ్‌ల లోడ్ పెట్టి, ఏ స్టేషనూ లేని ఖాళీ చోట నాయిస్ ఫ్లోర్ (రొద అడుగు మట్టం) చూసి రాసుకోండి. యాంటెన్నా తగిలించి మళ్లీ చూడండి. గెయిన్ కింది నుంచి ఒక్కో మెట్టు పెంచుతూ ప్రతి మెట్టు దగ్గరా ఇదే పోలిక చేయండి. యాంటెన్నా తగిలించగానే ఫ్లోర్ 10 డీబీ లేచే మెట్టు దొరికితే అక్కడ ఆగిపోండి. లేచింది 3 డీబీయే అయితే రిసీవర్ సొంత నాయిస్ వల్ల మీరు 3 డీబీ పోగొట్టుకుంటున్నారు. 6 అయితే పోయేది 1.25. పది అయితే అర డీబీ కూడా కాదు. అక్కడి నుంచి ఇంకో పది పెంచితే ఆ అర డీబీలోంచే ఏదో చిటికెడు వస్తుంది, బదులుగా పైనుంచి పది డీబీ జాగా పోతుంది. ఇంత నష్టపు బేరం ఇంకొకటి ఉండదు. 49.6 అన్న అంకె మీద ఎవరికీ మోజు ఉండకూడదు. స్టిక్ లోపలి ఆర్820టీ ట్యూనర్‌లో 0 నుంచి 49.6 దాకా 29 మెట్లున్నాయి. ప్రీయాంప్ లేకుండా మీ వైరుతో 40 మీటర్ల మీద 20 నుంచి 30 మధ్యలో ఎక్కడో సరిపోవచ్చు, కానీ మీ కొలతే మీకు ప్రమాణం.

కళ్లతో చూసి తేల్చుకోవాలంటే హిస్టోగ్రామ్ అంత నికార్సైన సాక్షి లేదు. ఒక్క సెకను ముడి ఐక్యూ ఫైల్ (స్టిక్ పంపే శాంపిళ్లు యథాతథంగా) రికార్డ్ చేయండి, 48 లక్షల బైట్లు వస్తాయి. ప్రతి బైట్‌నీ 0 నుంచి 255 దాకా ఉండే సంఖ్యగా చదివి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి గీయండి. ఆరోగ్యంగా ఉంటే 127, 128 దగ్గర శిఖరంతో గంట ఆకారం వస్తుంది. ఓవర్‌లోడ్ అయితే గంట పక్కలకి చదునుగా పరుచుకుని, రెండు చివర్లా, అంటే 0 దగ్గరా 255 దగ్గరా, రెండు కొమ్ములు నిలబడతాయి. తలుపు చాలక గోడకి అతుక్కున్న శాంపిళ్లవి. లక్షకి పది దాటితే గెయిన్ దించండి. గంట మరీ సన్నబడి మొత్తం రెండు మూడు సంఖ్యల మీదే నిలబడితే తట్టే చెయ్యి లేదన్నమాట, పెంచండి. ప్రామాణిక విచలనం 1కి తగ్గకుండా, 30కి మించకుండా ఉంచితే చాలు. 30 ఎందుకంటే అప్పుడు గోడ నాలుగు విచలనాల అవతల ఉంటుంది, సహజ నాయిస్ అక్కడి దాకా వెళ్లడం లక్షకి రెండు మూడు సార్లే.

ఈ సాక్షికి ఒక గుడ్డి కోణం ఉంది. మీకొచ్చే బైట్లు చిప్ లోపల ఫిల్టర్ దాటినవి. మీ 2.4 మెగాహెర్ట్జ్ కిటికీకి బయట, కానీ ట్యూనర్ ఐఎఫ్ (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) ఫిల్టర్‌కి లోపల, ఒక మొండి సిగ్నల్ ఉంటే అసలు ఏడీసీ గోడకి కొట్టుకుంటున్నా హిస్టోగ్రామ్ శుభ్రంగానే కనపడొచ్చు. అలాంటప్పుడు కనిపించే లక్షణం వేరు: గెయిన్ ఒక్క మెట్టు పెంచగానే ఫ్లోర్ మెట్టంత కాకుండా ఒక్కసారిగా ఎగిరి, కిటికీ నిండా గడ్డి మొలిచినట్టవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ట్యూనర్ బ్యాండ్‌విడ్త్ సెట్టింగ్ ఉంటే ఇరుకు చేయండి. శాంపిల్ రేటు తగ్గించడం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఏడీసీ తలుపు అంతకుముందే ఉంది.

ఇక ఫిల్టర్లు. డబ్బు పెట్టాలనుకుంటే మొదట పెట్టాల్సింది ఇక్కడ.

మీకు రెండు వైపులా శత్రువులున్నారు. పైన ఎఫ్‌ఎం, కింద మీడియం వేవ్. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్‌ని మొదటి స్టేజ్‌లోకి నేరుగా వదిలితే దాని ఐదో గుణిజం 3690 దగ్గర, పదోది 7380 దగ్గర తేలుతుంది. మీడియం వేవ్ వినే ఉద్దేశం లేకపోతే హై-పాస్ ఫిల్టర్ పెట్టేయండి. 2.5 మెగాహెర్ట్జ్ కటాఫ్‌తో ఐదు భాగాల బటర్‌వర్త్ ఇలా ఉంటుంది: సిగ్నల్ దారిలో వరుసగా 2000 పికోఫారడ్, 640 పికోఫారడ్, 2000 పికోఫారడ్ కెపాసిటర్లు, వాటి మధ్య ఉన్న రెండు కూడళ్ల నుంచి భూమికి చెరో 1.97 మైక్రోహెన్రీ కాయిల్. 2000 కోసం రెండు వెయ్యిలు పక్కపక్కన కలపండి, 640 కోసం రెండు 330లు. కాయిల్‌కి టీ50-2 ఎర్ర టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోర్) మీద 20 చుట్లు చుడితే లెక్కకి సరిగ్గా సరిపోతుంది. తీగ టొరాయిడ్ రంధ్రంలోంచి ఎన్నిసార్లు వెళ్లిందో అదే చుట్ల లెక్క. బయట చూసి లెక్కపెట్టి ఒకటి తప్పడం మామూలే. లెక్క ప్రకారం ఇది 738ని 53 డీబీ నొక్కుతుంది, 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం డీబీలో ఆరో వంతు కూడా ఉండదు.

కెపాసిటర్లు ఎన్‌పీ0 (విలువ స్థిరంగా ఉండే సిరామిక్) రకమో, పాలిస్టైరీనో, మైకావో తీసుకోండి. పవర్ సప్లై బోర్డుల్లోంచి పీకిన చవక సిరామిక్ డిస్కులు వాడితే వోల్టేజీతో పాటు వాటి విలువే ఊగుతుంది. వడపోయాల్సినదే కొత్త దొంగల్ని పుట్టిస్తుంది.

ఎఫ్‌ఎం వైపు 35 మెగాహెర్ట్జ్ లో-పాస్, ఏడు భాగాలది: భూమికి 39, దారిలో 0.28 మైక్రోహెన్రీ, భూమికి 160, దారిలో 0.45, భూమికి 160, దారిలో 0.28, భూమికి 39, కెపాసిటర్లన్నీ పికోఫారడ్లలో. పసుపు టీ37-6 మీద 10, 12, 10 చుట్లు. చుట్లని కాస్త దగ్గరికో దూరానికో జరిపి సరిచేసుకోవచ్చు. 91.1 దగ్గర కాగితం మీద 58 డీబీ. కెపాసిటర్ కాళ్లు సెంటీమీటరు పొడుగు వదిలేస్తే మాత్రం అది రాదు, వంద మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కాళ్లే కాయిళ్లు. రాగి పూత బోర్డు మీద కాళ్లు అసలు లేనట్టే టంకం పెట్టి, రేకు డబ్బాలో మూసేయండి.

ఈ రెండూ చుట్టేలోపు తాత్కాలికంగా ఒక చిట్కా: 50 సెంటీమీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ ముక్క, ఒక చివర తెరిచి వదిలేసి, రెండో చివర టీ కనెక్టర్‌తో యాంటెన్నా లైనుకి తగిలించండి. 98 మెగాహెర్ట్జ్ దగ్గర అది పావు తరంగం, భూమికి షార్ట్ అయినట్టు పనిచేస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌కి అది 50 పికోఫారడ్ల చిన్న భారం మాత్రమే. కోత ఇరుకుగా ఉంటుంది కాబట్టి 98.3 బాగా తగ్గుతుంది, అటూ ఇటూ చివర్లలో అంతగా తగ్గదు. కానీ 7.2 తీసివేతకి ఇద్దరూ కావాలి, ఒకరిని పడగొడితే చాలు. పాటలు మాయమైతే రోగనిర్ధారణ కూడా అయిపోయినట్టే.

ఫిల్టర్లు యాంటెన్నా ట్రాన్స్‌ఫార్మర్‌కీ మొదటి యాక్టివ్ స్టేజ్‌కీ మధ్య ఉండాలి. ప్రీయాంప్ తర్వాత పెట్టి "ఏమీ మారలేదు" అనడం తరచూ కనిపించే పొరపాటు. ప్రీయాంప్ నిజంగా కావాల్సింది 28 మెగాహెర్ట్జ్ దగ్గరా ఆపైనా. అక్కడ ఇళ్ల మధ్య బయటి నాయిస్ అదే లెక్కలో 32 డీబీకి, 144 దగ్గర 13కి పడిపోతుంది, రిసీవర్ సొంత నాయిస్ లెక్కలోకి వస్తుంది. 40 మీటర్లకి ప్రీయాంప్ పెట్టడమంటే సంతలో మైకు పట్టుకుని గుసగుస వినాలనుకోవడం.

ఇన్నీ చేశాక ఎక్కువ బిట్లు ఎప్పుడు అవసరమవుతాయి? ట్యూనర్ లేకుండా 0 నుంచి 30 మెగాహెర్ట్జ్ మొత్తాన్ని ఒకేసారి ఏడీసీకి వదిలే డైరెక్ట్ శాంప్లింగ్ రిసీవర్‌లో. అక్కడ మీడియం వేవ్ నుంచి సిటిజన్ బ్యాండ్ దాకా అందరూ ఒకే తలుపులో తోసుకుంటారు. ఆ పని ఆర్‌టీఎల్ స్టిక్‌తో చేయిస్తే ఇంకో తలనొప్పి: 28.8తో శాంపిల్ చేస్తుంది కాబట్టి 14.4 పైనున్నది మడతపడి కిందికొస్తుంది. 21.7 మెగాహెర్ట్జ్ స్టేషన్ 7.1 మీద కూర్చుంటుంది. డైరెక్ట్ శాంప్లింగ్ రేడియో హెర్మిస్ లైట్ 2లో ఏడీ9866 చిప్, 12 బిట్లు, 76.8 మెగాహెర్ట్జ్. బిట్లు పన్నెండే అయినా 500 హెర్ట్జ్‌కి దించేసరికి కాగితం మీద 49 డీబీ కలిసొస్తుంది, అందుకే హ్యామ్‌లు దానితో హాయిగా పనిచేసుకుంటున్నారు. పైన చెప్పిన ఎల్‌టీసీ2208ని 122.88 మీద నడిపి 2.4 కిలోహెర్ట్జ్‌కి దించితే 78కి 44 కలిసి 122. మీ స్టిక్ 74తో పోలిస్తే పెద్ద తేడానే. ఒకే డాబా మీద ఇంకో హ్యామ్ ట్రాన్స్‌మిట్ చేస్తున్నప్పుడో, మీడియం వేవ్ టవర్ నీడలో ఉన్నప్పుడో ఆ తేడాకి విలువ కట్టొచ్చు. మీ విషయంలో ఫిల్టర్ వేశాక ఇంకా కొమ్ములు కనపడితే అప్పుడు ఆలోచించండి.

అలాంటి రిసీవర్ కొనేటప్పుడు ప్రకటనల్లో ఐపీ3 అంకె (దొంగ సిగ్నళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పేది) చూసి మురిసిపోకండి. యాంప్లిఫయర్‌లో దొంగ సిగ్నళ్లు ఒక పద్ధతిగా పెరుగుతాయి, 1 డీబీకి 3 డీబీ చొప్పున. ఏడీసీలో ఆ క్రమం ఉండదు. గోడ తగిలేదాకా దొంగలు దాదాపు అదే ఎత్తులో తిరుగుతుంటారు, తగిలిన క్షణం అంతా కూలుతుంది. అందుకే డైరెక్ట్ శాంప్లింగ్ రేడియోల్లో ఓవర్‌ఫ్లో దీపం ఇస్తారు. ఐకామ్ ఐసీ-7300లో ఓవీఎఫ్ అని వెలిగేది అదే. అది వెలిగితే ముందు పీ.యాంప్ (ప్రీయాంప్) ఆపండి, తర్వాత ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించండి, అప్పటికీ ఆరకపోతే ఎటెన్యుయేటర్. అందులో ఐపీ+ మీట చేసేది ఏడీసీకి కావాలని కాస్త డిదర్ కలపడం, పైన చెప్పిన తక్కెడని తట్టే పనే. ఓవర్‌లోడ్‌కి అది మందు కాదు.

వాటర్‌ఫాల్ (సాఫ్ట్‌వేర్‌లో సిగ్నళ్లు కిందికి జారుతూ కనపడే చిత్రం) చూసి "నా ఫ్లోర్ మైనస్ ఇంత, ఆయనది మైనస్ అంత" అని పోల్చుకునే అలవాటు ఒకటుంది. ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీ గడులుగా విడదీసే లెక్క) సైజు 4096 అయితే 2.4 మెగాహెర్ట్జ్ కిటికీలో ఒక్కో గడి 586 హెర్ట్జ్. 65536 చేస్తే 37 హెర్ట్జ్. గడి 16 రెట్లు ఇరుకైంది కాబట్టి తెర మీద ఫ్లోర్ 12 డీబీ కిందికి దిగుతుంది, రిసీవర్‌లో మాత్రం ఏమీ మారలేదు. విండో (ఆ లెక్కకి ముందు శాంపిళ్ల అంచుల్ని నున్నగా చేసేది) రకం కూడా చూసుకోండి. హాన్ విండోలో బలమైన స్టేషన్ పక్కన మొదటి రెక్క 31 డీబీ కిందే ఉంటుంది, బ్లాక్‌మన్-హారిస్‌లో 92. స్టేషన్ పాదాల దగ్గర విసనకర్రలా పరుచుకున్నది నిజమా కాదా తేల్చేముందు విండో మార్చి చూడండి.

చివరగా అడుగు వైపు. డైనమిక్ రేంజ్‌కి పై గోడ ఎంత ముఖ్యమో కింది నేలా అంతే, ఆ నేల మీ ఇంట్లోనే ఉంది. మెయిన్ స్విచ్ ఆపి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడుపుతూ ఫ్లోర్ చూడండి. పది డీబీ పడితే రొద మీదే. ఒక్కో ఎంసీబీ వేస్తూ పోతే దొంగ దొరుకుతుంది: ఎల్‌ఈడీ బల్బు డ్రైవర్, ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, ఫోన్ చార్జర్, సోలార్ ఇన్వర్టర్. వైరుకి 9:1 ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నారు కాబట్టి దానికి ఇంటి ఎర్త్ కాకుండా వేరే భూమి కడ్డీ ఇవ్వండి. కోయాక్స్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 31 మిక్స్ ఫెరైట్ రింగు మీద 10, 12 చుట్లు తిప్పండి. లేకపోతే కోయాక్స్ పై తొడుగే యాంటెన్నాగా మారి ఇంట్లోని రొదనంతా డాబా మీదికి మోసుకెళ్లి మళ్లీ కిందికి తెస్తుంది.

వరుస ఇలా పెట్టుకోండి: ఈరోజు ప్రీయాంప్ పీకడం, 50 సెంటీమీటర్ల కేబుల్ ముక్క తగిలించడం. ఈ వారంలో హిస్టోగ్రామ్, గెయిన్ కొలత. తర్వాత రెండు ఫిల్టర్లు. అప్పటికీ 7.1 మీద తేడా ఉంటే పగటిదీ రాత్రిదీ రెండు హిస్టోగ్రామ్‌లు, గెయిన్ మెట్టు, ఎఫ్‌ఎఫ్‌టీ సైజు రాసి పెట్టండి. అవి లేకుండా ఒట్టి వాటర్‌ఫాల్ ఫొటో పెడితే చెప్పగలిగేది పెద్దగా ఉండదు.